తిరుగు దారిలో తోడు

హైదరాబాద్ నుంచి 27 ఏళ్ళ పాఠకురాలు చేత్తో రాసి పంపిన ఉత్తరం ఇది. పేరు వేయవద్దన్నారు. నాలుగు పేజీల ఉత్తరాన్ని కుదించి చెబుతాను.

ఆమెది భీమవరం దగ్గర పల్లెటూరు. పదో తరగతి దాకా తెలుగు మీడియం. ఇప్పుడు ఒక ఆఫీసులో అకౌంట్స్ చూస్తూ లేడీస్ హాస్టల్లో ఉంటున్నారు. తమ్ముడు జర్మనీలో ఎం.ఎస్. చేస్తున్నాడు. కిందటి నవంబరులో అక్కాతమ్ముళ్ళిద్దరూ టోల్కీన్ నవల ‘ద లార్డ్ ఆఫ్ ద రింగ్స్’ మొదలుపెట్టారు. ఇద్దరి దగ్గరా చెరొక ప్రతి. రోజు విడిచి రోజు, ఇక్కడ రాత్రి పదిన్నరకి, అక్కడ సాయంత్రం ఆరింటికి, ఒకరు ఫోన్లో పైకి చదువుతుంటే ఇంకొకరు పుస్తకంలో వేలు పెట్టుకుని వినేవారు. రోజుకొక అధ్యాయం. మొదటి అధ్యాయం తమ్ముడు చదివాడు. “చిన్నప్పుడు వాడికి చందమామ చదివి వినిపించింది నేను. ఇప్పుడు నాకు తెలియని ఇంగ్లీషు మాట వస్తే వాడు ఆగి చెప్పేవాడు” అని రాశారు.

మార్చి రెండో వారానికి 61 అధ్యాయాలు అయ్యాయి. ఇక మిగిలింది ఒక్కటే. ఆ ఒక్కటీ చదివేస్తే అయిపోతుందని ఆమెకి మనసు ఒప్పలేదు. ఒక రోజు తలనొప్పి అన్నారు, ఇంకో రోజు ఇయర్ ఎండింగ్ పని అన్నారు. అలా పది రోజులు గడిచాక తమ్ముడు ఫోన్ చేసి, “అక్కా, నేను చదివేశానే” అన్నాడు. “సరేలే” అని పెట్టేశారు. ఆ శనివారం రాత్రి హాస్టల్ మేడ మీద ఫోన్ లైటు వెలుగులో ఆమె కూడా ఒంటరిగా చదివి, తెల్లారే దాకా ఏడ్చారు.

ఇదంతా జరిగి మూడు వారాలు. వేరే పుస్తకం ఏది తెరిచినా పది పేజీలు దాటడం లేదు. మళ్ళీ మొదటి నుంచి ఇదే చదువుదామని కూర్చుంటే, మొదటి అధ్యాయంలో బిల్బో అనే హాబిట్ (పొట్టి మనుషుల జాతివాడు) 111వ పుట్టినరోజు విందు దగ్గరే గొంతు పూడుకుపోయి మూసేశారు. తమ్ముడికి థీసిస్ పని. ఇప్పుడు ఆదివారాలు అమ్మానాన్నలతో కలిపి కాన్ఫరెన్స్ కాల్‌లో “తిన్నావా, చలి తగ్గిందా” అనే మాటలే. రూమ్మేట్ “పుస్తకం అయిపోతే ఎవరైనా ఏడుస్తారా” అంటోంది. వాళ్ళమ్మగారు “సంబంధాలు చూస్తున్నాం, నువ్వేమో కథల పుస్తకాలు పట్టుకుని కూర్చున్నావు” అంటున్నారు. చివరి అధ్యాయం తరవాత పుస్తకంలో ఇంకా చాలా పేజీలు ఉన్నాయట. వాటిని తెరవలేదన్నారు.

ఆమె ప్రశ్నలు మూడు. ఇంత బాధ మామూలేనా? పుస్తకాన్ని ఇప్పుడే మళ్ళీ చదవాలా, కొన్నాళ్ళు దాచిపెట్టాలా? రెండోసారి చదివితే ఆ మహత్తు పోతుందా?

*

మీ మొదటి ప్రశ్నకి ముందు జవాబు చెప్పేస్తాను. మామూలే. ఈ పుస్తకం విషయంలో అయితే మరీ మామూలు, ఎందుకంటే మీకు కలిగిన బాధ ఆ రచయిత ఎంతో శ్రద్ధగా పేర్చిపెట్టినది.

కథకి మూలమైన ఆ మాయ ఉంగరం నిప్పుల కొండలో పడి కరిగిపోవడంతో అసలు కథ తీరిపోయింది కదా. కానీ ఆ తరవాత ఇంకా ఆరు అధ్యాయాలు ఉన్నాయి. పట్టాభిషేకం, పెళ్ళి, ఒక్కొక్కరి దగ్గరా సెలవు తీసుకోవడం, తిరుగు ప్రయాణం, ఇంటికొస్తే అక్కడ ఊరు పాడైపోయి ఉండటం, చివరికి ఓడ ఎక్కడం. యుద్ధం గెలిచిన చోటే ముగించి ఉంటే మీరు చప్పట్లు కొట్టి పుస్తకం మూసేవారు. అక్కడ ఆపకుండా, గెలిచాక కూడా పోయేవి పోతూనే ఉంటాయని ఆరు అధ్యాయాల పొడవునా చూపించాడు. ఆ ఉంగరాన్ని మోసుకెళ్ళిన హాబిట్ ఫ్రోడోకి గాయమైన తేదీ ఏటా తిరిగి వచ్చినప్పుడల్లా ఒంట్లో బాగుండదు. తన సొంత సీమ షైర్‌ని కాపాడాడు, కానీ అందులో ఉండలేకపోయాడు. ఇది చదివి మీరు ఏడ్చారంటే పుస్తకాన్ని సరిగ్గా చదివారని అర్థం.

ఆ రచయితకి మాత్రం వదిలిపెట్టడం తేలికైందా? 1937 డిసెంబరులో మొదలుపెట్టి 1949లో గాని పూర్తి చేయలేకపోయారు. మూడు సంపుటాలుగా అచ్చయ్యేసరికి 1954, 55. మీరు చదివిన చివరి అధ్యాయం తరవాత ఆయన ఇంకొకటి కూడా రాశారు. కొన్నేళ్ళు గడిచాక, ఫ్రోడో వెంట నడిచిన నేస్తం శామ్ తన పిల్లల మధ్య కూర్చుని ఉంటాడు. “ఆ తరవాత ఆయన ఏమయ్యాడు, వీళ్ళేమయ్యారు” అని పిల్లలు అడుగుతుంటే చెబుతూ ఉంటాడు. చదివినవాళ్ళందరూ వద్దనడంతో టోల్కీన్ దాన్ని పక్కన పెట్టేశారు. ఆయన పోయాక ఎప్పుడో 1992లో కొడుకు క్రిస్టఫర్ దాన్ని వెలుగులోకి తెచ్చారు. రెండో కూర్పుకి రాసిన ముందుమాటలో టోల్కీన్ ఒక లోపాన్ని ఒప్పుకున్నారు, పుస్తకం మరీ చిన్నదైపోయిందని. వెయ్యి పేజీల పుస్తకం గురించి! మీ ప్రతిలో మొదట్లోనే ఉంటుంది, చూడండి. పన్నెండేళ్ళు అందులో బతికినవాడికే చాలలేదంటే, నాలుగు నెలలు బతికిన మీకు చాలకపోవడంలో వింతేముంది?

మా అమ్మ వారపత్రికల్లో సీరియల్ పేజీలు జాగ్రత్తగా విడదీసి, అయిపోయాక దబ్బనంతో కుట్టి, పాత క్యాలెండరు కాగితం అట్ట వేసి దాచుకునేది. ‘సమాప్తం’ అని పడిన వారం ఇంట్లో వంట కూడా దిగులుగా ఉండేదని మేం అనుకునేవాళ్ళం. ఆ తరం ఆడవాళ్ళు ఈ బాధకి పేరు పెట్టలేదు, ఎవరికీ ఉత్తరాలు రాయలేదు. కుట్టి దాచుకున్నారు. మీ రూమ్మేట్‌కి ఇది తెలియకపోవడం ఆమె తప్పు కాదు. ఆమెని ఒప్పించాల్సిన పని కూడా మీకు లేదు.

ఇక నేను ఎక్కువగా మాట్లాడాలనుకున్నది వేరే ఉంది. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఫ్రోడో గురించి పేజీన్నర రాశారు. తమ్ముడు ముందే చదివేసిన సంగతి మాత్రం ఒక్క వాక్యం. ఆ వాక్యంలో ఒక మాట రాసి, అక్షరాలు కనపడకుండా గట్టిగా కొట్టేశారు. ఆ పక్క వాక్యంలోనే “వాడి తప్పేం లేదు లెండి” అని ఉంది. తప్పు ఉందని నేను అడగలేదు కదా.

నాకు అర్థమైనంతలో మీరు మోస్తున్నవి మూడు. పుస్తకం అయిపోయిన దిగులు ఒకటి. రాత్రి పదిన్నర ఖాళీ అయిపోయిన దిగులు రెండోది. తమ్ముడు తన దారిన తాను చివరికి వెళ్ళిపోయాడన్న నొప్పి మూడోది. మూడూ ఒకే వారంలో వచ్చి ముడిపడిపోయాయి. అన్నింటికీ “పుస్తకం అయిపోయింది” అనే ఒకే పేరు పెట్టుకున్నారు. ఇవి విడదీసి చూసుకోకపోతే వచ్చే చిక్కు ఏమిటంటే, మళ్ళీ చదవడం అనే మందు మొదటిదానికే పనిచేస్తుంది. మిగతా రెండింటికీ కూడా అదే వేసుకుంటే, పని చేయడం లేదని మీరు పుస్తకాన్నే అనుమానిస్తారు. విందు దగ్గర ఆగిపోయానన్నారు. ఆ అధ్యాయం చదివి వినిపించింది మీ తమ్ముడే అని కూడా మీరే రాశారు. ప్రతి వాక్యం వెనుకా వాడి గొంతు ఉంది కదా. గొంతు పూడుకుపోయింది బిల్బో కోసమే అంటారా?

చివరి అధ్యాయంలో ఒక చిన్న ఘట్టం మీకు గుర్తు చేస్తాను. ఒంటరిగా, ఏడుస్తూ, ఫోన్ లైటులో చదివారు కాబట్టి దాటిపోయి ఉండవచ్చు. ఫ్రోడో ఓడెక్కి, ఇక తిరిగి రాకుండా, చప్పుడు లేకుండా వెళ్ళిపోదామనుకుంటాడు. వెంట శామ్ ఒక్కడే ఉన్నాడు. ఓడ బయలుదేరబోతుండగా స్నేహితులు మెర్రీ, పిప్పిన్ గుర్రాల మీద పరుగున వస్తారు. వాళ్ళకి కబురు చేసింది మాంత్రికుడు గాండాల్ఫ్. ఎందుకు చేశాడో కూడా చెబుతాడు. తిరిగి వెళ్ళేటప్పుడు ఒక్కడే వెళ్ళడం కన్నా ముగ్గురు కలిసి వెళ్ళడం మేలని. వెళ్ళిపోయేవాళ్ళ గురించి కాదు, ఇంటికి తిరిగి రావాల్సిన శామ్ గురించి ఆలోచించాడు ఆ పెద్దాయన. తరవాత ఆ ముగ్గురూ షైర్ చేరేదాకా ఒక్క మాట కూడా మాట్లాడుకోరు. అయినా పక్కన స్నేహితులు ఉన్నారన్నదే ఆ దారంతా వాళ్ళకి ఊరట.

మీరిద్దరూ 61 అధ్యాయాలు కలిసి నడిచి, తిరుగు దారి మాత్రం ఎవరికి వారు ఒంటరిగా వచ్చారు. నాకు మీ ఉత్తరంలో అన్నింటికన్నా బాధ కలిగించింది ఇదే.

ఇందులో ఎవరిది తప్పు అని తేల్చడానికి నేను పూనుకోను. మీ పక్కన నిలబడి చూస్తే, కలిసి మొదలుపెట్టిన పని కలిసి ముగించాలి కదా అనిపిస్తుంది. అది న్యాయమే. అటువైపు నిలబడి చూస్తే, పరాయి దేశంలో ఒంటరిగా ఉన్న కుర్రాడు. పది రోజులు అక్క రేపు, ఎల్లుండి అంటోంది. అక్కకి విసుగొచ్చిందేమో అనుకుని ఉండవచ్చు. థీసిస్ మొదలైపోతోంది, ఈలోగా ముగించాలనుకుని ఉండవచ్చు. లేదా ఆపుకోలేక చదివేసి ఉండవచ్చు, చదువరులకి అది కూడా సహజమే. ఏది నిజమో నాకు తెలియదు, మీకూ తెలియదు. ఎందుకు వాయిదా వేస్తున్నారో మీరు అతనికి చెప్పలేదు. తలనొప్పి అని, ఆఫీసు పని అని చెప్పారు. “అయిపోతుందని భయంగా ఉందిరా” అని ఒక్క మాట అని ఉంటే అతను ఆగేవాడేమో. నిందించడానికి అనడం లేదు. మన ఇళ్ళల్లో అక్కలు తమ్ముళ్ళకి భయాలు చెప్పుకోరు, ధైర్యాలే చెబుతారు. ఆ అలవాటు మీ చేత తలనొప్పి అనిపించింది.

అతను ఫోన్ చేసి చెప్పాడు, చూడండి. దాచి, మీతో పాటు మళ్ళీ మొదటిసారి చదువుతున్నట్టు నటించవచ్చు. అలా చేయలేదు. నాకైతే ఆ ఫోన్‌లో దాని గురించి మాట్లాడదామన్న ఆశ కూడా ఉందనిపించింది. మీరు “సరేలే” అన్నాక ఆ తలుపు మూసుకుపోయింది.

ఇప్పుడు మీ ముందున్న దారులు ఏమిటో చూద్దాం. ఏమీ అనకుండా ఊరుకోవచ్చు. మూడు నెలల్లో నొప్పి తగ్గుతుంది, అబద్ధం చెప్పను, నిజంగానే తగ్గుతుంది. కానీ అక్కాతమ్ముళ్ళ మధ్య ఇలాంటి చిన్న మౌనాలే పేరుకుని, కొన్నేళ్ళకి పండగ ఫోన్‌లు మాత్రం మిగలడం నేను చాలా ఇళ్ళల్లో చూశాను. మీకు పెళ్ళవుతుంది, అతనికి ఉద్యోగం వస్తుంది. తీరిక ఇంతకన్నా పెరగదు.

లేదా ఉన్నదున్నట్టు చెప్పేయవచ్చు. “నువ్వు ముందే చదివేస్తే నాకు చాలా బాధేసిందిరా.” ఇలా అంటే ముడి త్వరగా విప్పుకుంటుంది. అయితే ఆ వయసు కుర్రాళ్ళు ఇలాంటి మాట వినగానే “ఏదో పుస్తకానికి ఇంత సీన్ ఎందుకక్కా” అని తేల్చేసే ప్రమాదం ఉంది. అతను నిజంగా అలా అనుకోకపోయినా, ఇబ్బంది కొద్దీ నోటికి ఆ మాట వస్తుంది. అప్పుడు మీకు రెండో దెబ్బ. దీనికి సిద్ధపడే చెప్పాలి. ఇది మాత్రం కాన్ఫరెన్స్ కాల్‌లో వద్దు. అమ్మానాన్నల ముందు అతను తేలికగా తీసిపారేస్తాడు, మీరు కూడా నవ్వేస్తారు, అక్కడితో సరి.

మూడోది, ఏమీ వివరించకుండా పిలవడం. “చివరి అధ్యాయం నేను ఒక్కదాన్నే చదివాను, నువ్వూ ఒక్కడివే చదివావు. ఒకసారి ఇద్దరం కలిసి చదువుదామా? నేను చదువుతాను, నువ్వు విను” అని మెసేజ్ పెట్టడం. ఇద్దరికీ కథ తెలుసు, కాబట్టి ఇక ఎవరూ ఎవరికన్నా ముందు పోయేది లేదు. మాటల్లో పెట్టలేనిది ఆ గంటలో దానంతట అదే పైకి రావచ్చు. రాకపోనూవచ్చు. అతను “థీసిస్ అయ్యాక చూద్దాం” అంటే మాత్రం ఆ జవాబుని అక్షరాలా తీసుకోండి. థీసిస్ అంటే థీసిసే, మీరు పుస్తకం వాయిదా వేయడానికి చెప్పిన ఇయర్ ఎండింగ్ లాంటిది కాదు. నా మొగ్గు ఈ మూడోదాని వైపు ఉంది. మీ తమ్ముడి స్వభావం నాకన్నా మీకు తెలుసు.

మళ్ళీ చదవడం సంగతికి వద్దాం.

ఇప్పుడే చదవవచ్చు. వెంటనే చదవడంలో ఒక సుఖం ఉంది. పేర్లు, ఊళ్ళు, దారులు ఇంకా తాజాగా గుర్తుంటాయి కాబట్టి, మొదటిసారి కంగారులో దాటిపోయినవన్నీ కనిపిస్తాయి. ప్రమాదం ఏమిటంటే, మీరిప్పుడు కథ కోసం చదవరు, పోయిన నవంబరు కోసం చదువుతారు. అది ఆ పేజీల్లో లేదు. ప్రతి అధ్యాయంలోనూ వెతికి, దొరక్క, చివరికి పుస్తకం మీదే విసుగు పుట్టవచ్చు.

ఆగి చదవవచ్చు. ఆరు నెలలో, రెండేళ్ళో. మళ్ళీ నవంబరు వచ్చేదాకా అనుకున్నా బాగుంటుంది. అప్పటికి కొంత మరుపు వస్తుంది, మీరు కూడా కొంత మారతారు. అయితే కొందరు “సరైన సమయం” కోసం ఆగుతూ, ఆ పుస్తకాన్ని బీరువాలో దేవుడి పటంలా చేసేసి, ఇక ఎన్నటికీ ముట్టుకోరు. మీది కాస్త అలాంటి స్వభావమేమోనని నా అనుమానం, ఒక్క అధ్యాయాన్ని పది రోజులు దాచుకున్న మనిషి కదా. ఆగదలచుకుంటే నెల పేరు పెట్టుకుని ఆగండి.

సినిమాలు చూడవచ్చు, ఆడియో బుక్ వినవచ్చు. 2001 నుంచి 2003 దాకా వచ్చిన మూడు సినిమాలూ చక్కగా తీసినవే. కానీ ఒకసారి చూశాక మీరు ఊహించుకున్న ఫ్రోడో ముఖం మళ్ళీ రాదు. తెర మీది ముఖమే ఉండిపోతుంది. హాబిట్లు తిరిగొచ్చి తమ ఊరిని తామే బాగుచేసుకునే అధ్యాయం అందులో లేనే లేదు. ఆడియోలో నటుడు ఆండీ సెర్కిస్ చదివినది 2021లో వచ్చింది, ఎంతో ప్రాణం పెట్టి చదివాడు. ఇప్పుడు మాత్రం మీరు వినకండి. ఆ పుస్తకానికి మీ చెవిలో రెండే గొంతులు ఉన్నాయి. వాటిని అలా ఉండనివ్వండి కొన్నాళ్ళు.

అదే రచయితవి వేరేవి చదవవచ్చు. ‘ద హాబిట్’ చిన్నది, సరదాగా ఉంటుంది. ఆ పుట్టినరోజు విందుకి ముందు కథ అది. ఈ దిగుల్లో అదే మేలైన మందు కావచ్చు. ‘సిల్మరిలియన్’ ఆయన పోయాక 1977లో వచ్చింది. గొప్పదే గానీ, అందులో శామ్ లాంటి మనిషి ఎదురు కాడు. పురాణం చదివినట్టు ఉంటుంది. ఇప్పుడు తెరిస్తే నిరాశ పడతారని నా భయం.

ఇక మీ మూడో ప్రశ్న. మహత్తు పోతుందా అని. తరవాత ఏమవుతుందో అన్న టెన్షన్ పోతుంది. నిజమే, అది తిరిగి రాదు. కానీ మనం టెన్షన్ కోసం కథలు విన్న జాతి కాదు. వింటే భారతమే వినాలి అన్నారు. విన్నవాళ్ళందరికీ ఎవరు గెలుస్తారో తెలుసు, అభిమన్యుడు పోతాడని తెలుసు. తెలిసీ ప్రతిసారీ పద్మవ్యూహం దగ్గర గుండె చిక్కబట్టుకున్నారు. మా అమ్మమ్మ రామాయణం పారాయణ చేసేది. పట్టాభిషేకం చదివిన రోజున పుస్తకం అలా మూసేది కాదు. ప్రసాదం పంచాక మళ్ళీ మొదటి సర్గ తెరిచి నాలుగు శ్లోకాలైనా చదివి, అప్పుడు గుడ్డ చుట్టేది. ఎందుకని అడిగితే “చివర వదిలేస్తే వాళ్ళు వెళ్ళిపోయినట్టు ఉంటుందే” అనేది.

మీ పుస్తకం రెండోసారి ఏమిస్తుందో రెండు మూడు చెబుతాను. మొదట్లో సమాధుల దిబ్బల దగ్గర హాబిట్లకి పాతకాలపు కత్తులు దొరుకుతాయి. అప్పుడు మీరు పట్టించుకుని ఉండరు. మెర్రీ చేతిలో ఆ కత్తే పెలెన్నోర్ యుద్ధంలో ఏం చేసిందో ఇప్పుడు తెలుసు కాబట్టి, ఈసారి ఆ కత్తి చేతికొచ్చిన చోట ఆగిపోతారు. ఉంగరం కోసం పాకులాడే గొల్లమ్‌ని బిల్బో జాలిపడి వదిలేశాడు, చంపేసి ఉండాల్సింది అని ఫ్రోడో మొదట్లో అంటాడు. అప్పుడు గాండాల్ఫ్ చెప్పే మాట మొదటిసారి పెద్దమనిషి సుద్దిలా ఉంటుంది. కొండ అంచున ఏం జరిగిందో చూసి వచ్చాక ఆ మాట చదివితే ఒళ్ళు జలదరిస్తుంది. లోత్‌లోరియన్ అధ్యాయం చివర చివర్లో రాజయ్యే ఆరగార్న్ ఒక పూవు పట్టుకుని గడ్డి దిబ్బ కింద నిలబడి ఉంటాడు. అతను ప్రాణంతో మళ్ళీ ఎన్నడూ అక్కడికి రాలేదని రచయిత ఒక్క వాక్యంలో చెప్పి ఊరుకుంటాడు. ఆ వాక్యం బరువు ఎంతో తెలియాలంటే మీరు తెరవని ఆ చివరి పేజీలు చదవాలి. అందులో ఏముందో నేను చెప్పను.

మనిషి మారినా పుస్తకం మారుతుంది. నేను దీన్ని మొదటిసారి 24 ఏళ్ళప్పుడు చదివాను. హాబిట్లు ఊరికొచ్చి చెట్లు కొట్టేసి ఉండటం చూసే అధ్యాయం అప్పుడు నాకు అనవసరం అనిపించి, గబగబా పేజీలు తిప్పేశాను. పదిహేనేళ్ళ తరవాత మా ఊరు వెళితే, రోడ్డు వెడల్పు చేయడం కోసం బస్టాండు నుంచి చెరువుగట్టు దాకా ఉన్న చింతచెట్లన్నీ కొట్టేశారు. బడి నుంచి వస్తూ మేం కాయలు రాల్చుకున్న చెట్లు. ఆ రాత్రి ఆ అధ్యాయం వెతుక్కుని చదివాను. విందు జరిగిన చోట చెట్టు కొట్టేసి ఉండటం చూసి శామ్ భోరుమంటాడే, అక్కడ నేనూ ఆగిపోయాను. ఆ చోటే అతను వెండి గింజ పాతి ఒక చలికాలమంతా ఓపిక పడితే ఏప్రిల్‌లో బంగారు పూలు పూసిందన్నది మొదటిసారి నాకు గుర్తు కూడా లేదు. సినిమాలో దుష్ట మాంత్రికుడు సరుమాన్ వేషం వేసిన క్రిస్టఫర్ లీ ఈ పుస్తకాన్ని ఏటా చదివేవాడట. ఏటా ఒకే పుస్తకం చదివి ఉంటాడని నేననుకోను.

మీ అమ్మగారి మాట గురించి ఒక్క ముక్క. ఆమె భయం పుస్తకం మీద కాదు, మీరు ఏం ఆలోచిస్తున్నారో తెలియకపోవడం మీద. ఈసారి ఇంటికి వెళ్ళినప్పుడు కథ చెప్పండి ఆవిడకి, తెలుగులో, వంటింట్లో కూర్చుని. ఒప్పుకుంటారని కాదు. కనీసం మీరు ఎక్కడికి వెళ్ళొచ్చారో తెలుస్తుంది.

నిద్ర, తిండి ఎలా ఉన్నాయో మీరు రాయలేదు. రాత్రులు నిద్ర పట్టకపోవడం, ఆఫీసు పని చేయలేకపోవడం, దేని మీదా ఆశ లేకపోవడం ఇంకా ఇలాగే సాగుతుంటే అది పుస్తకం పని కాకపోవచ్చు. అప్పుడు సంకోచించకుండా డాక్టరుని కలవండి. మానసిక ఆరోగ్య సాయానికి ప్రభుత్వం నడిపే టెలి మానస్ నంబరు 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడవచ్చు.

ఆ చివరి పేజీల గురించి చెప్పి ఆపుతాను. వాటిని అనుబంధాలు అని పిలుస్తారు. వంశాల పట్టికలు, అక్షరాల పట్టికలు చూసి చాలామంది వదిలేస్తారు. వాటిలో సంవత్సరాల వారీ పట్టిక ఒకటి ఉంది. ఓడ వెళ్ళిపోయాక మిగిలినవాళ్ళందరూ ఏమయ్యారో తేదీలతో సహా ఉంటుంది. శామ్ ఏమయ్యాడో, మెర్రీ, పిప్పిన్ ముసలితనంలో ఎటు వెళ్ళారో, అన్నీ. పట్టికలో ఆఖరి పద్దు ఇద్దరు స్నేహితుల గురించి. మీరు ఒంటరిగా చదవని పేజీలు ఈ పుస్తకంలో ఇంకా ఉన్నాయన్నమాట. తమ్ముడు వాటిని చదివేశాడో లేదో నాకు తెలియదు. అక్కడ ఇప్పుడు వేసవి గడియారం, మన పదిన్నర అంటే వాళ్ళకి ఏడు. తెరిచే ముందు ఒకసారి ఫోన్ చేసి అడగండి.